తిరుగు ఓడలో వచ్చిన పేరు

హిందూదేశం దాకా వెళ్లి, అమ్ముడుపోక వెనక్కి వచ్చిన పీపాలు ఓ ఫ్రెంచి ఎర్ర వైనుకు ఎక్కడలేని పేరు తెచ్చిపెట్టాయి. ఆ పేరును పెంచినా ముంచినా మళ్లీ ఒడ్డుకు చేర్చినా అంతా వర్తకుల పనే. బంగాళాఖాతంలోని అండమాన్ దీవుల వైపు నుంచి చూస్తే, 'కాస్ దెస్తూర్నెల్' అనే ఆ వైను కథలో మనం నేర్చుకోవాల్సిన వ్యాపార పాఠం ఒకటి దొరుకుతుంది.

ఫ్రాన్స్‌కు నైరుతి దిక్కున, జిరోంద్ నదీముఖం పక్కన సెంతెస్తెఫ్ అనే ఊరుంది. బోర్డో నగరం నుంచి ఉత్తరంగా ద్రాక్షతోటల మధ్య సాగే రోడ్డు మీద వెళ్తుంటే, ఓ వాగు దాటగానే దిబ్బ మీద లేత పసుపు రాతి కట్టడం ఎదురవుతుంది. పైన పగోడా బురుజులు, కింద రాతి ఏనుగులు. జాంజిబార్ సుల్తాను కోట నుంచి తెచ్చారని చెప్పే నగిషీల చెక్క తలుపు ఒకటి. కొత్తగా చూసేవాళ్లు ఏ గుడో, ఏ రాజావారి విడిదో అనుకుంటారు. లోపల మాత్రం వరసలు వరసలుగా ఓక్ పీపాలు. ఇది వైను నిల్వచేసే గిడ్డంగి. పేరు షాటో కాస్ దెస్తూర్నెల్. వాగుకు ఇటు ప్రపంచ ప్రఖ్యాత షాటో లఫీట్, అటు ఈ పగోడాలు. పక్కింటివాడు అంతటివాడైతే మన ఇల్లు నలుగురి కళ్లలో పడాలంటే ఏదో ఒకటి చెయ్యాలి మరి. 1838లో ఆ దారిన వెళ్లిన నవలాకారుడు స్టెందాల్ కూడా ఈ వింత కట్టడం గురించి తన యాత్రా రచనలో రాసుకున్నాడు.

అక్కణ్నుంచి భూగోళం మీద వేలు జరుపుకుంటూ తూర్పుకొస్తే శ్రీ విజయపురం. 2024 సెప్టెంబరు దాకా అందరూ పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరే. విశాఖ నుంచి, చెన్నై నుంచి, కోల్‌కతా నుంచి ఎటు చూసినా సుమారు 1,200 కిలోమీటర్ల నీళ్లు. విశాఖలో ఓడ ఎక్కితే దాదాపు మూడు రోజుల ప్రయాణం. ఉత్తరాంధ్ర నుంచి తరాల కిందటే వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది పరాయి ఊరు కాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవారు నూటికి పదమూడు మంది దాకా ఉన్నారు. జంగ్లీఘాట్ చేపల రేవులో ఉదయం పూట నిలబడితే వినిపించేది సిక్కోలు యాసే. ఇక్కడ ద్రాక్ష పండదు. ఉల్లిపాయ దగ్గర్నుంచి సిమెంటు బస్తా దాకా అన్నీ ఓడ మీద రావాల్సిందే. స్వరాజ్ ద్వీప్‌లోని రిసార్టు బల్ల మీద కనిపించే ఫ్రెంచి వైనూ అలా సముద్రం దాటి వచ్చిందే.

వైను సముద్రం దాటడంలో ఇవాళ ఎవరికీ వింత లేదు. రెండు వందల ఏళ్ల కిందట మాత్రం ఆ ప్రయాణమే సరుకు ధరను పెంచింది.

'సెంతెస్తెఫ్ మహారాజా'

లూయీ గాస్పార్ దెస్తూర్నెల్ 1762లో పుట్టాడు. కాస్ అనే చిన్న పల్లె దగ్గర ఆయనకు వారసత్వంగా కొన్ని ద్రాక్షతోటలు వచ్చాయి. గులకరాళ్ల నేల. వరి పండదు, గోధుమ పండదు. వాన నీరు నిలవని ఆ నేలలో ద్రాక్షవేరు లోతుకు దిగుతుంది, కాయ చిన్నగా చిక్కగా కాస్తుంది. ఈ తోటల్లో వచ్చే వైను చుట్టుపక్కలవాటికి తీసిపోదని, పైగా మేలని దెస్తూర్నెల్‌కు గట్టి నమ్మకం. దాన్ని విడిగా తయారుచేసి విడిగా అమ్మాలని పట్టుబట్టాడు.

ఆయనకు మరో వ్యాపకం అరబ్బు గుర్రాలు. వాటి కోసం తూర్పు దేశాలతో బేరసారాలు సాగించేవాడు. గుర్రాలు తెచ్చే ఓడలు ఇటు నుంచి ఖాళీగా వెళ్లడమెందుకు? వైను పీపాలు ఎక్కించాడు. అవి అరబ్బు దేశాల మీదుగా హిందూదేశం దాకా వెళ్లేవి. సంస్థ ఇప్పటికీ చెప్పుకునే కథ ప్రకారం, అలా వెళ్లి అమ్ముడుపోకుండా తిరిగొచ్చిన పీపాలను తెరిచి రుచి చూస్తే, గిడ్డంగిలో ఉండిపోయిన వైను కంటే అవే బాగున్నాయి. ఇంకొకరైతే అమ్మకం కాని సరుకును గుట్టుగా వదిలించుకునేవారు. దెస్తూర్నెల్ దాన్ని చాటింపు వేశాడు. ఆ సీసాల మీద 'ఆర్' అనే అక్షరం వేయించాడు. 'రెతూర్ దెజాంద్' అన్నమాటకు అది గుర్తు. హిందూదేశం నుంచి తిరిగొచ్చిన సరుకని అర్థం. ధరా పెంచాడు.

సెంతెస్తెఫ్ జనం ఆయన్ను 'మహారాజా' అని పిలవడం మొదలుపెట్టారు. అందులో వెటకారం ఎంతో మెచ్చుకోలు ఎంతో చెప్పలేం కానీ ఆ పిలుపును ఆయన వదులుకోలేదు. ఏనుగులు, పగోడాలు అక్కడికి వచ్చిన కారణం ఇదే. వైను తూర్పు దేశాలు చూసొచ్చిందని సీసా మీద రాస్తే చదివినవారికే తెలుస్తుంది. గిడ్డంగినే పగోడాలా కడితే దారినపోయే ప్రతివాడికీ తెలుస్తుంది. ప్రకటనల సంస్థలు పుట్టకముందే ఆయనకు ప్రకటన గుట్టు తెలిసింది.

ఓడలో ఏం జరిగింది?

తిరిగొచ్చిన వైను బాగుండటం వట్టి కట్టుకథా? కాదు. పోర్చుగల్‌వారి మదీరా దీవి వైనుకు అప్పటికే ఈ అనుభవం ఉంది. మదీరా పీపాలు ఓడ అడుగున భూమధ్యరేఖ దాటి మద్రాసు, కలకత్తా రేవులకు వచ్చేవి. ఆ వేడికి రుచి చెడకపోగా ముదిరేది. తిరిగి వెళ్లినవాటికి రెట్టింపు గిరాకీ. చివరికి ఓడ ఖర్చు ఎందుకని, మదీరాలో వేడి గదులు కట్టి అక్కడే వైనును కాగబెట్టడం మొదలుపెట్టారు.

రసాయన శాస్త్రం దీన్ని తేలిగ్గానే వివరిస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఓ స్థూల లెక్క. కుర్ర వైనులో నాలుకను పట్టేసే వగరు ఉంటుంది. ఆ వగరునిచ్చే పదార్థాలు కాలక్రమాన ఒకదానితో ఒకటి కలిసి మెత్తబడతాయి. ఓక్ పీపా చెక్క సందుల్లోంచి చొరబడే కొద్దిపాటి గాలి ఆ పనికి తోడవుతుంది. చల్లటి నేలమాళిగలో ఏళ్లు పట్టే మార్పు, ఓడ అడుగున వేడికీ అలల కుదుపుకీ నెలల్లో జరిగిపోతుంది. ఆఫ్రికా కొన చుట్టి రావాలంటే ఒక్కో దిక్కుకే నెలల తరబడి ప్రయాణం. వెళ్లేటప్పుడు రెండుసార్లు, వచ్చేటప్పుడు రెండుసార్లు భూమధ్యరేఖ దాటాలి. అప్పటి బోర్డో వైను పటుత్వం ఉన్న వైను, వగరు బాగా ఎక్కువ. దానికి ఈ తొందరపాటు మేలే చేసి ఉంటుంది. బలహీనమైన వైనైతే దారిలోనే పులిసి వినిగరై పోయేది. తిరిగొచ్చినవన్నీ బాగుండటానికి అదీ ఓ కారణం. బతికినవే కదా తిరిగొచ్చింది.

సుఫ్రెన్ దెబ్బ, బ్లెయిర్ రేవు

వైనును పక్కన పెడితే, ఫ్రెంచివారంటే తెలుగువాళ్లకు గుర్తొచ్చేవి బొబ్బిలి యుద్ధంలో బుస్సీ ఫిరంగులు, హైదరాబాద్‌లో ముసా రాముడిగా జనం నోట నిలిచిన రేమండ్ సమాధి, గోదావరి పాయ ఒడ్డున యానాం. మచిలీపట్నంలో ఫ్రెంచివారు 1669లోనే కోఠీ తెరిచారు. అక్కడి ఫ్రెంచిపేట ఆ జ్ఞాపకమే. యానాంలో 1731 నుంచి స్థిరపడి, మధ్యమధ్య ఇంగ్లీషువారు లాక్కున్నా 1954 దాకా ఉన్నారు. ఈ జాబితాలో అండమాన్ కనిపించదు. కానీ అండమాన్‌లో రేవు పుట్టడం వెనక ఓ ఫ్రెంచి నౌకాధిపతి ఉన్నాడు.

కోరమాండల్ తీరానికి ఓ పెద్ద లోపం. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే యుద్ధనౌకలు తలదాచుకునే రేవు ఒక్కటీ లేదు. ఇంగ్లీషు నౌకాదళం ఏటా ఆ కాలంలో ద్వీపకల్పం చుట్టి బొంబాయి వెళ్లిపోవాల్సి వచ్చేది. 1782లో ఫ్రెంచి దళపతి సుఫ్రెన్ ఈ లోపాన్ని కనిపెట్టాడు. ఆ వానాకాలాన్ని ఆయన సుమత్రా కొసన ఉన్న అచేలో గడిపాడు. అచేకు ఉత్తరాన నికోబార్, దాని పైన అండమాన్. అక్కణ్నుంచి బంగాళాఖాతం దాటి 1783 జనవరిలో ఉన్నట్టుండి గంజాం తీరాన తేలాడు. ఉత్తర సర్కారుల ముంగిట్లోకి వచ్చి 'కోవెంట్రీ' అనే ఇంగ్లీషు యుద్ధనౌకను పట్టుకుపోయాడు. ఇంగ్లీషు దళం తిరిగొచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఆ దెబ్బ నేర్పిన పాఠంతోనే, బంగాళాఖాతానికి తూర్పున ఓ రేవు కావాలని ఈస్టిండియా కంపెనీ పట్టుపట్టింది. 1788–89లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అండమాన్ తీరాన్ని కొలిచాడు. 1789లో చాథం దీవి మీద వలస మొదలైంది. తర్వాత దాన్ని ఉత్తర అండమాన్‌కు మార్చారు. జ్వరాల ధాటికి తట్టుకోలేక 1796లో మొత్తంగా వదిలేశారు. మళ్లీ 1858 మార్చిలో డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో దిగేదాకా ఇక్కడ దొరల పాలన లేదు. రాస్ దీవి మీద దొరల బంగళాలు, బేకరీ, చర్చి, క్లబ్బు లేచాయి. ఇవతలి ఒడ్డున సెల్యులార్ జైలు. బోర్డో ఎర్ర వైనును ఇంగ్లీషువారు 'క్లారెట్' అంటారు. మద్రాసు, కలకత్తా దొరల విందుల్లో అది మామూలు పానీయం. ఇక్కడ జైలు లోపల ఖైదీ ఒక్కొక్కరు రోజుకు ముప్ఫై పౌండ్ల కొబ్బరినూనె గానుగ తిప్పి తీయాలన్నది లెక్క. తగ్గితే శిక్ష. ఆ నూనె బయట అమ్ముడుపోయేది. తీసినవాడి పేరు ఏ పీపా మీదా ఉండదు.

ఈ సముద్రం మీద వచ్చిన మద్యం కథ అంతా సొగసు కాదని కూడా చెప్పుకోవాలి. గ్రేట్ అండమానీ తెగలను 'మచ్చిక' చేసుకునే పేరుతో దొరలు తెరిచిన 'అండమాన్ హోమ్'ల కాలంలో పొగాకు, మద్యం, వాటి వెంట అంటురోగాలు ఆ జనాన్ని తుడిచిపెట్టాయి. ఇవాళ జరావా తెగవారి అడవిలోకి మద్యం పట్టుకెళ్లడం నేరం. ఆ చట్టం వెనక అంత చేదు చరిత్ర ఉంది.

రైతుకీ రాజుకీ మధ్య

మళ్లీ బోర్డోకు వద్దాం. అక్కడ తోట యజమాని తన వైనును నేరుగా ఊరివాడికి అమ్మడు. తోట నుంచి దళారి ద్వారా 'నెగోసియాన్' అనే టోకు వర్తకుడికి, అతని నుంచి దేశదేశాలకు. దళారికి సాధారణంగా నూటికి రెండు. ఈ అమరికను బోర్డోవారు 'లా ప్లాస్' అంటారు. బోర్డో రేవులోని షార్‌ట్రాన్ గట్టు మీద ఒకప్పుడు వర్తకుల గిడ్డంగులు బారులు తీరి ఉండేవి. ఐర్లండ్ నుంచి వచ్చిన థామస్ బార్టన్ 1725లో పెట్టిన సంస్థ 'బార్టన్ అండ్ గెస్తియే' పేరుతో ఇప్పటికీ నడుస్తోంది.

ఈ వర్తకుల చేతిలో డబ్బుంది, ఓడలున్నాయి, లండన్‌లోనూ ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ పరిచయాలున్నాయి. తోటవాడికి పంట చేతికి రాకముందే డబ్బు కావాలి. మన నూజివీడు మామిడి తోటల్లో పూత మీదే గుత్తకిచ్చేస్తారు చూడండి, ఇంచుమించు అదే పద్ధతి. కాయ నిలిస్తే వర్తకుడి అదృష్టం, గాలివాన కొడితే వర్తకుడి నెత్తిన. బోర్డోలో ఇప్పటికీ పీపాలో ఉన్న వైనుకు వసంతంలో బేరం కుదిరిపోతుంది. సీసా చేతికొచ్చేది మరో ఏడాది, ఏడాదిన్నర తర్వాతే. దీన్ని 'ఆన్ ప్రిమర్' అంటారు.

వర్తకుడు ఊరికే కొని అమ్మేవాడు కాదు. పీపాలను తన గిడ్డంగికి తరలించి, అక్కడే ముదరబెట్టి, అక్కడే సీసాలకెత్తేవాడు. ఒక పీపాకు 225 లీటర్లు, అంటే మూడు వందల సీసాలు. నాలుగు పీపాలు ఒక 'తొనో'. పల్చగా వచ్చిన ఏడాది రోన్ లోయ నుంచి తెచ్చిన చిక్కటి ఎర్మితాజ్ వైను కలిపి గట్టిపరచడం కూడా మామూలే. కొనేవాడు వర్తకుడి పేరును నమ్మేవాడు, తోట పేరును కాదు. 1924లో షాటో మూతాన్ యువ యజమాని ఫిలిప్ ద రోత్‌షీల్డ్ మొత్తం పంటను తన తోటలోనే సీసాలకెత్తించడం మొదలుపెట్టాడు. పెద్ద తోటలన్నిటికీ అది తప్పనిసరి అయ్యేసరికి 1972 వచ్చింది.

దెస్తూర్నెల్ ఎవరికి ఎదురు నిలిచాడో ఇప్పుడర్థమవుతుంది. వర్తకుల గడప తొక్కకుండా తానే దూరదేశాలకు అమ్ముకోవాలనుకున్నాడు. పేరు వచ్చింది, డబ్బు నిలవలేదు. పక్క తోటలు కొని కలుపుకుంటూ పోయాడు, పగోడాలు కట్టాడు, అప్పులు పెరిగాయి. 1852లో ఆస్తి మొత్తం లండన్ బ్యాంకరు మార్టిన్స్‌కు అమ్మేయాల్సి వచ్చింది. కొన్నవాడు మంచివాడు, ముసలాయన్ను ఆ ఇంట్లోనే ఉండనిచ్చాడు. మరుసటి ఏడే దెస్తూర్నెల్ కన్నుమూశాడు. అప్పటికి తొంభై ఏళ్లు దాటాయి.

ఆయన పోయిన రెండేళ్లకు పారిస్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. మూడో నెపోలియన్ కాలం. బోర్డో వైన్లను తరగతులుగా విడదీసి చూపాలని అక్కడి వర్తక సంఘం దళారులను అడిగింది. 1855 ఏప్రిల్ 18న వాళ్లు జాబితా ఇచ్చారు. ఎర్ర వైన్లకు అయిదు తరగతులు. అందుకోసం కూర్చుని రుచి చూసిందేమీ లేదు. దశాబ్దాలుగా తమ పుస్తకాల్లో ఉన్న ధరలే కొలబద్ద. కాస్ దెస్తూర్నెల్ రెండో తరగతిలో నిలిచింది. సెంతెస్తెఫ్ మొత్తానికి అంతకు మించిన స్థానం మరే తోటకూ రాలేదు, ఆ వరసలో తోడు మోంత్రోజ్ ఒక్కటే. ఏ దళారులను, వర్తకులను కాదని ఆయన ఓడలెక్కించాడో వాళ్ల లెక్కల పుస్తకాలే ఆయన పట్టుదలకు ముద్ర వేశాయి. నూట డెబ్భై ఏళ్లుగా ఆ జాబితా ఇంచుమించు అలాగే ఉంది. 1973లో మూతాన్‌ను మొదటి తరగతికి పెంచడమొక్కటే చెప్పుకోదగ్గ మార్పు.

కొనుక్కున్నది వర్తకుడే

తోట మరికొన్ని చేతులు మారి 1917లో ఫెర్నాన్ జినెస్తే చేతికొచ్చింది. ఈయన స్వయంగా నెగోసియాన్. అంటే దెస్తూర్నెల్ దూరం పెట్టిన వర్గం మనిషే ఆయన పగోడాలకు యజమాని అయ్యాడు. జినెస్తే కుటుంబానికి అమ్మకం తెలుసు, ఓపికా తెలుసు. రెండు ప్రపంచ యుద్ధాలు, మధ్యలో ఆర్థిక మాంద్యం దాటుకుని కాస్‌ను నిలబెట్టారు. అంతకంటే పెద్ద పేరున్న షాటో మార్గో కూడా వాళ్ల చేతికి వచ్చింది.

వర్తకుడికీ గడ్డురోజులుంటాయి. 1970ల మొదట్లో బోర్డో ధరలు ఆకాశాన్నంటాయి. 1972 పంట నాసిరకం, అయినా వర్తకులు ఎగబడి అధిక ధరకు కొన్నారు. మరుసటి ఏడాది చమురు సంక్షోభం. కొనేవాడు లేడు. గిడ్డంగుల్లో సరుకు, మీద బ్యాంకు వడ్డీ. అదే సమయంలో క్రూజ్ అనే పేరుమోసిన వర్తక సంస్థ మీద కల్తీ కేసు కోర్టుకెక్కి బోర్డో పరువు బజారున పడింది. ఆ దెబ్బకు జినెస్తేవారు 1977లో మార్గోను అమ్ముకోక తప్పలేదు. కాస్ మాత్రం 1970లోనే ఫెర్నాన్ మనవలైన ప్రాట్స్ సోదరులకు దక్కింది కనుక ఆ గాలివాన నుంచి తప్పించుకుంది. బ్రూనో ప్రాట్స్ వ్యవసాయశాస్త్రం చదివినవాడు. కాస్ ఇవాళ్టి ప్రతిష్ఠకు పునాది ఆయన హయాంలోనే పడింది. 1998లో అమ్మకం, 2000లో మరో అమ్మకం. అప్పటి నుంచీ యజమాని 'లా రిజర్వ్' హోటళ్ల అధిపతి మిషెల్ రేబియే.

తోట ఇప్పుడు వంద హెక్టార్ల చిల్లర. సింహభాగం కాబర్నే సోవిన్యో, తర్వాత మెర్లో, కాస్త కాబర్నే ఫ్రాంక్, పెతి వెర్దో. 2008లో కట్టిన కొత్త కర్మాగారంలో పంపులు వాడరు. ద్రాక్షరసం పైనుంచి కిందికి తన బరువుతో తానే దిగుతుంది. గింజ నలిగి చేదు దిగకూడదని ఆ జాగ్రత్త. 2009 పంటకు అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ వందకు వంద మార్కులిచ్చాడు. సీసా లేబుల్ మీద ఇప్పటికీ ఆ పగోడాలే. రెండో రకం వైను పేరు 'పగోద్ ద కాస్'. దెస్తూర్నెల్‌ను దివాలా తీయించిన కట్టడమే సంస్థకు ఇవాళ అతి పెద్ద పెట్టుబడి.

పూటకే పులిసే కల్లు

మళ్లీ మన దీవుల వైపు వస్తే, లిటిల్ అండమాన్‌కూ కార్ నికోబార్‌కూ మధ్య నూట యాభై కిలోమీటర్ల వెడల్పున పది డిగ్రీల జలసంధి. అది దాటితే కొబ్బరిచెట్ల రాజ్యం. అక్కడి పానీయం కొబ్బరికల్లు. పూతకు రాబోయే గెలను తాడుతో బిగించి కట్టి, మెల్లగా వంచి, కొసను పలచగా చెక్కి కింద పాత్ర కడతారు. రోజూ కాస్త కాస్త చెక్కుతుంటేనే ధార ఆగకుండా వస్తుంది. చుక్క చుక్కగా దిగే ఆ తియ్యటి నీరు పాత్రలో పడుతుండగానే గాలిలోని ఈస్టు పట్టి పులియడం మొదలవుతుంది. ఉదయం తీపి, మధ్యాహ్నానికి కైపు, మర్నాటికి పులుపు. తీసిన ఊళ్లోనే, తీసిన పూటే తాగాలి. అందులో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లు మించదు. పాడవకుండా కాపాడే వగరూ లేదు. బోర్డో ఎర్ర వైనులో పదమూడు పద్నాలుగు పాళ్ల ఆల్కహాలు, తొక్క నుంచీ గింజ నుంచీ దిగిన వగరు, పులుపు కలిసి యాభై ఏళ్లు కాపలా కాస్తాయి.

కల్లుకు ఓడ ఎక్కే యోగం లేదు, అందుకే దానికి వర్తకుడూ లేడు. నిల్వ ఉండేది కొబ్బరికాయ. దాని కోసం తరతరాలుగా ఓడలు నికోబార్‌కు వచ్చాయి. 1756 నుంచి డేన్‌లు తరంగంబాడి కేంద్రంగా ఈ దీవులను తమవని ప్రకటించుకున్నారు. 1778లో ఆస్ట్రియా జెండా కింద ఓ ఓడ వచ్చి నాన్‌కౌరీ దగ్గర పాగా వేయబోయింది. జ్వరాలు అందరినీ తరిమాయి. డేన్‌లు హక్కులు అమ్ముకోగా 1869లో బ్రిటిష్‌వారు స్వాధీనం చేసుకున్నారు. ఎవరి జెండా ఎగిరినా వ్యాపారం ఒకటే. గుడ్డలు, పొగాకు, ఇనుప సామాను ఇచ్చి కొబ్బరి ఎక్కించుకోవడం. ఇరవయ్యో శతాబ్దంలో అకూజీ జద్వెట్ వంటి వర్తక సంస్థలు ఆ వ్యాపారాన్ని దశాబ్దాల పాటు నడిపాయి. 2004 సునామీ ఎన్నో తోటలను ఉప్పునీట ముంచేసింది.

కొబ్బరి ఎండు కురిడీగా ఓడెక్కి ప్రధాన భూభాగం చేరాక నూనె మిల్లులో వంద ఊళ్ల కురిడీతో కలిసిపోతుంది. అక్కడితో నికోబార్ పేరు చెరిగిపోతుంది. 1924కు ముందు బోర్డో తోటవాడి వైను షార్‌ట్రాన్ గిడ్డంగిలో చేరాక జరిగిందీ ఇదే.

దీవిలో ఓ సీసా

అండమాన్‌లో మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ సంస్థ అనిడ్‌కో చేతిలో ఉంది. పెట్రోలు, పాలు, పర్యాటకం కూడా అదే చూస్తుంది. విదేశీ వైను మీద మనదేశంలో ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంటూ వచ్చింది. ఆ పైన ఎక్సైజు, ఓడ కిరాయి. అన్నీ భరించి వచ్చిన సీసాకు అసలు పరీక్ష వాతావరణం. వైను 12–14 డిగ్రీల చల్లదనం కోరుకుంటుంది. ఇక్కడ ఏడాది పొడవునా 23 నుంచి 31. గాలిలో తేమ కార్కుకు మంచిదే. ఎండిపోదు. లేబుల్‌కు మాత్రం బూజు పడుతుంది.

మరి ఓడ వేడి మేలు చేసిందన్న పాత కథ? పీపా వేరు, సీసా వేరు. పీపాలో ఉన్నది కుర్ర వైను, చెక్క కాస్త గాలి పీలుస్తుంది, తరిగిన మేరకు మళ్లీ నింపుతారు. సీసాలో వైను వేడెక్కితే ఉబ్బుతుంది, కార్కును పైకి నెడుతుంది. చల్లారినప్పుడు ముడుచుకుని గాలిని లోపలికి లాగుతుంది. ఎండ తగిలిన సీసాను చేత్తో పట్టుకుని చూస్తే సంగతి బయటపడుతుంది. మెడ మీది రేకు తొడుగును వేళ్లతో తిప్పండి, సాఫీగా తిరగాలి. తిరక్కుండా అతుక్కుపోయిందంటే కార్కు పక్కల నుంచి వైను కారి, కింద జిగటలా ఎండిపోయిందన్నమాట. వెలుతురుకు ఎత్తి చూస్తే మెడలో మట్టం దిగి కనిపిస్తుంది. తెరిచాక ఎర్రటి అంచు ఇటుక రంగుకు తిరిగి, వాసన ఉడికిన రేగుపళ్లలా కొడుతుంది. ఎన్ని వేలు పోసి కొన్నా దానికిక మందు లేదు. అందుకే ఇప్పుడు మంచి వైను శీతల కంటైనర్లలోనే సముద్రం దాటుతోంది. ఒకప్పుడు సముద్రపు వేడిని లేబుల్ మీద చెప్పుకుని ధర పెంచారు. ఇప్పుడు ఆ వేడి సోకలేదని హామీ ఇచ్చి ధర పెంచుతున్నారు.

మన ఓడ ఎటు?

ద్రాక్షలో మనకూ చరిత్ర ఉంది. హైదరాబాద్ అనాబ్-ఎ-షాహీ దేశమంతా పేరున్న రకం. అది తినే పండు, వైనుకు పనికొచ్చేది కాదు. దేశంలో వైను వ్యాపారం నాసిక్, బెంగళూరు పరిసరాల్లో పెరిగింది. నందికొండల దగ్గర గ్రోవర్ సంస్థ బోర్డో నిపుణుడు మిషెల్ రోలాన్ సలహాతో ఎర్ర వైను తయారుచేసింది. ఆ దారిలో మనం వాళ్లను అందుకోవాలన్న పట్టింపేమీ అక్కర్లేదు. కాస్ దెస్తూర్నెల్ నేర్పే పాఠం వేరే పంటకు ఎక్కువ పనికొస్తుంది.

అరకు కాఫీని చూడండి. ఎన్నో ఏళ్లు అది వేరే కాఫీల్లో కలిసి ఊరూ పేరూ లేకుండా అమ్ముడుపోయింది. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో గిరిజన రైతులు సహకార సంఘంగా కలిశాక, ఏ కొండవాలు మీద ఏ రుచి వస్తుందో విడదీసి చూడటం మొదలైంది. వైనువాళ్ల పద్ధతే ఇది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరుచుకుంది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దెస్తూర్నెల్ మన దేశం పేరు చెప్పి ఫ్రాన్స్‌లో అమ్ముకున్నాడు. అరకు రైతు తన కొండ పేరుతోనే ఫ్రాన్స్‌లో అమ్ముకుంటున్నాడు.

రెండు కథలకూ తేడా ఒక్కచోట ఉంది. దెస్తూర్నెల్ తోటా తనే, వర్తకుడూ తనే, ఓడా తనే కావాలనుకున్నాడు. ఒంటి భుజం మీద అంత బరువు ఆగలేదు. జినెస్తే కాలంలో వర్తకుడి డబ్బు, తోట పేరు ఒకే చోట కలిశాయి కనుక నిలబడింది. అరకులో పేరు రైతు సంఘానిది, అమ్మకం ఆ పని తెలిసినవాళ్లది. వర్తకుడు లేకుండా సరుకు సముద్రం దాటదు. వర్తకుడిదే పేరైతే రైతుకు కూలి తప్ప మిగలదు. పేరు ఎవరి దగ్గర ఉంటుందన్నదే అసలు బేరం.

అండమాన్ నికోబార్ దీవులు ఆ బేరం ఇంకా సరిగ్గా ఆడలేదు. కొబ్బరి ఉంది, వక్క ఉంది, మిరియం, లవంగం, జాజికాయ పండుతాయి. సముద్రం మీద వచ్చే ఖర్చును లోపమనే అందరూ అంటారు. దెస్తూర్నెల్ ఆ ఖర్చునే కథగా మలిచి ధరలో కలిపాడు. విశాఖ దుకాణంలో కార్ నికోబార్ కొబ్బరినూనె ఆ దీవి పేరుతో, ఆ తోటవాళ్ల సంఘం ముద్రతో అమ్ముడుపోయినప్పుడు, మధ్యలో అమ్మిపెట్టే వర్తకుడు ఎవరైనా ఫర్వాలేదు. లెక్క అడిగే హక్కు తోటవాళ్ల దగ్గరే ఉంటుంది.